మైలేజీ 17 నుంచి 12కి పడింది: తప్పు ఈ20 పెట్రోలుదా, బండిదా?

సూర్యాపేట సవారీ

అందరికీ నమస్తే. నాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 84 వేల కిలోమీటర్లు తిరిగింది. రెండేళ్ల కింద హైదరాబాద్ నుంచి ఊరికి ఏసీ వేసుకుని 80-90లో పోతే లీటరుకి 17 వచ్చేది. ఇప్పుడు అదే రోడ్డు, అదే స్పీడు, 12 దాటట్లేదు. మొన్న సర్వీసింగ్‌లో ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్ మార్పించాను, ఏమీ తేడా లేదు. "పెట్రోలే అట్లుంది సార్, అందరి బండ్లూ అంతే" అని పంపించేశారు. నెలకి నాలుగు సార్లు ఊరికి పోవాల్సిన మనిషిని, టెన్షన్‌గా ఉంది. నిజంగా ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వల్లేనా?

ఖమ్మం కారు

అన్నా, అనుమానమే లేదు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. మన పాత బండ్లు 20 శాతానికి తయారైనవి కావు. బంకులో వేరే పెట్రోలు పోయించుకుందామంటే చాలాచోట్ల దొరకదు, ధరేమో తగ్గించలేదు. సెన్సార్లు మార్చి డబ్బులు తగలేసుకోకు.

పాత గ్యారేజీ

సవారీ గారూ, 23 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ఈ20 వల్ల మైలేజీ తగ్గదని నేను అనను, తగ్గుతుంది. కానీ ఎంత? నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది: ఇథనాల్ లేని పెట్రోలుకి డిజైన్ చేసి, 10 శాతానికి ట్యూన్ చేసిన కార్లలో 6-7 శాతం. మీ 17 మీద అది కిలోమీటరు చిల్లర. మీకు పడింది 5 కిలోమీటర్లు, అంటే 29 శాతం. మిగతాదంతా పెట్రోలు మీదికి నెట్టేస్తే బండిలో రోగం అలాగే ఉండిపోతుంది. పైగా 2022 నాటికే మన పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ కలిసింది. మీ 17 కూడా దాంతో వచ్చిందే.

ముందు డిస్‌ప్లేలో కనపడే మైలేజీని పక్కన పెట్టండి. ట్యాంకు ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి, 300 కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో అదే గన్‌తో మళ్లీ కట్ అయ్యేదాకా కొట్టించి భాగించండి. హైవే నుంచి దిగాక బ్రేకు ఎక్కువ వాడకుండా బండి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, రిమ్ము ముట్టుకోకుండా. ఒకటి మిగతావాటికంటే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. తర్వాత ఒక చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు ఫోన్‌లో చూపించేది) తగిలించి, బండి నడుస్తున్నప్పుడు కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు) టెంపరేచర్ ఎంతుందో పక్కన కూర్చున్నవాళ్లని రాసిపెట్టమనండి. నాకు దాని మీదే అనుమానం. ఈ మధ్య బండి ఎప్పుడైనా హీటెక్కిందా?

సూర్యాపేట సవారీ

హీటెక్కింది సార్. పోయిన మే నెలలో, చిట్యాల దాటాక. అక్కడి మెకానిక్ ఏదో వాల్వ్ తీసేసి "మన ఎండలకి ఇది అక్కర్లేదు" అన్నాడు. అప్పటి నుంచి హీటెక్కలేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

బెజవాడ ఎండ

అది థర్మోస్టాట్ అండి. తీసేయడమే మంచిదని నేనూ నమ్ముతాను. విజయవాడలో 44 డిగ్రీలు కొడుతుంటే ఇంజిన్‌ని వేడిగా ఉంచే వాల్వ్ ఎందుకండీ? నా పాత డీజిల్ బండికి తీసేసి ఆరేళ్లయింది, ఏ ఇబ్బందీ లేదు.

పాత గ్యారేజీ

ఎండ గారూ, 44 మనకి వేడి. ఇంజిన్‌కి కావాల్సింది 85-90, దానికి ఆ 44 చలి కిందే లెక్క. థర్మోస్టాట్ నీళ్లని ఎప్పుడూ ఆపి ఉంచదు, వేడెక్కగానే తెరుచుకుంటుంది. అది లేకపోతే హైవే గాలికి రేడియేటర్ ఇంజిన్‌ని 60 దగ్గరే పట్టి ఉంచుతుంది. కంప్యూటర్ ఏమో ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని, పొద్దున స్టార్ట్ చేసినప్పటిలా పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. పాత డీజిల్‌లో ఈ లెక్క లేదు కాబట్టి మీకు తెలియలేదు. అసలు హీటెక్కిన కారణం వెతకకుండా వాల్వ్ పీకేయడం చూస్తే నాకు బాధేస్తుంది.

సూర్యాపేట సవారీ

పది రోజుల తర్వాత వచ్చాను. స్కానర్ పెడితే చౌటుప్పల్ దగ్గర 61, నార్కట్‌పల్లి దగ్గర 63. సూర్యాపేట చేరేదాకా 66 దాటలేదు. కొత్త థర్మోస్టాట్ వేయించి, కూలెంట్ మార్పించాను. అప్పట్లో హీటెక్కింది రేడియేటర్ ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌ని ఆన్ చేసే స్విచ్చు) పోవడం వల్లట, అదీ మార్చారు. ఇప్పుడు ముచ్చటగా 88 దగ్గర నిలబడుతోంది. ట్యాంకు లెక్క రెండు సార్లు చూశాను, 15.8 వచ్చింది.

ఖమ్మం కారు

సంతోషం అన్నా, థర్మోస్టాట్ సంగతి నేను ఊహించలేదు. కానీ 17కి ఇంకా 1.2 తక్కువ ఉంది కదా, అది 7 శాతం. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే సుమారు 53 లీటర్లు, లీటరు 107 అనుకుంటే 5,700 రూపాయలు. బండి బాగుచేసుకున్నా ఆ డబ్బు మన జేబులోంచే పోతోంది. ఇది చిన్న విషయం కాదు.

పాత గ్యారేజీ

చిన్న విషయమని నేనూ అనట్లేదు, ఆ కోపం న్యాయమైనదే. కానీ 10 నుంచి 20 శాతానికి మారినందుకు శక్తి లెక్కన పడేది మూడున్నర శాతం. సవారీ గారూ, స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం ఎక్కువో తక్కువో పోస్తోందో చెప్పే అంకె అది. ఐడిల్‌లోనూ, 2,500 ఆర్‌పీఎమ్‌లోనూ ఒకేలా ప్లస్ 4, 5 ఉంటే అది చాలావరకు ఇథనాలే. ఐడిల్‌లో ప్లస్ 12 ఉండి, రేస్ చేస్తే తగ్గిపోతుంటే ఎక్కడో గాలి పైపు లీకవుతోంది. ఇంతకీ చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశారా?

సూర్యాపేట సవారీ

చూశాను సార్. వెనక ఎడమ చక్రం మిగతావాటికంటే వేడిగా ఉంది. ఆదివారం బ్రేకు డ్రమ్ము విప్పిస్తున్నాను, ట్రిమ్ నంబర్లు కూడా అప్పుడే రాస్తాను.