నష్టాల్లో ఉన్న చెత్త కేంద్రాలు మూసెయ్యాలా, నడపాలా?

డెల్టా రైతు:
మా పంచాయతీలో 'చెత్త నుంచి సంపద' కేంద్రం ఎత్తేసి ఆ స్థలం ధాన్యం ఆరబోసుకోవడానికి కల్లంగా మార్చాలని గ్రామసభలో తీర్మానం పెడుతున్నారు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఉపాధి హామీ నిధులతో ఆంధ్రలో ఊరూరా కట్టిన రేకుల షెడ్లు ఇవి. ఇంటింటికీ తిరిగి తడి, పొడి చెత్త విడివిడిగా తెచ్చి, తడిది పేడనీళ్ళు కలిపి తొట్లలో వేసి, వానపాములతో ఎరువు చేసి అమ్మాలి. నేను మూసెయ్యమనే అంటాను. మా ఊళ్ళో ఈ చెత్త పని చేసే గ్రీన్ అంబాసిడర్లు ముగ్గురు, మనిషికి నెలకు 6 వేలు, మొత్తం 18 వేలు. ఎరువు కిలో 10 రూపాయలు. జీతాలకే నెలకు 18 క్వింటాళ్ళు అమ్మాలన్నమాట. మా షెడ్డులో ఏడాది మొత్తానికి అంత ఎరువు వచ్చిందని ఎవరైనా చూపిస్తే గుండు గీయించుకుంటా.

గడపముగ్గు:
ఎరువు అమ్మి జీతాలివ్వాలని ఎవరన్నారండీ? 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం మంచినీళ్ళకీ పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టి మరీ ఇచ్చింది కేంద్రం. ఊడ్చేవాళ్ళకి, ఎత్తేవాళ్ళకి జీతం అందులోంచి రావాలి. వీధి దీపాలకి ఏడాదికి ఎంత లాభమొచ్చిందని ఏ గ్రామసభలోనైనా అడిగారా? చెత్త దగ్గరికొచ్చేసరికి అందరూ ఆడిటర్లయిపోతారు.

చివరి బెంచి:
కిలో 10 కాదు. మా మండలంలో 12కి అమ్మారు.

డెల్టా రైతు:
గ్రాంటు సంగతి పుస్తకంలో బాగుంటుంది మేడం. 2021లో పంచాయతీ ఖాతాల్లో ఉన్న ఆర్థిక సంఘం డబ్బు కరెంటు బకాయిల కిందకి మళ్ళించారని సర్పంచులు రోడ్డెక్కింది మర్చిపోయారా? స్వచ్ఛ భారత్ రెండో దశలో 5 వేల లోపు జనాభా ఉన్న ఊళ్ళకి తలకి 60 రూపాయలన్నారు, అది కట్టడాలకీ సామాన్లకీ ఒక్కసారి ఇచ్చే డబ్బు, నెలనెలా వచ్చేది కాదు. ఇక చివరి బెంచి గారూ, 12కి కొన్న ఆ మహానుభావుడు ఎవరో చెప్పండి, మా ఊరి ఎరువు కూడా ఆయనకే పంపిస్తాం. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. ఎకరానికి టన్ను వానపాముల ఎరువు వెయ్యమంటారు, అంటే 10 వేలు, ట్రాక్టరు కిరాయి వేరే. ఏ రైతు కొంటాడు? కౌలు రైతైతే అసలు కొనడు. వచ్చే ఏడు ఆ చేను అతని చేతిలో ఉంటుందో లేదో అతనికే తెలియదు.

చివరి బెంచి:
12కే అమ్మారు. రసీదు చూశాను.

గడపముగ్గు:
ఆ యూరియా బస్తాకి సర్కారు కట్టే సబ్సిడీ మీరు చెప్పిన ధర కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని నష్టం అని ఎవరూ అనరు. ముగ్గురు ఆడవాళ్ళకి నెలకి 18 వేలు ఇస్తే మాత్రం పంచాయతీ దివాలా తీస్తుంది!

నల్గొండోడు:
మా దిక్కు కథ వేరే ఏం కాదు అన్నా. 2019ల తెలంగాణ సర్కారు పల్లె ప్రగతి కింద ప్రతి ఊరికి డంపింగ్ యార్డు, చెత్త వేరుజేసే సెగ్రిగేషన్ షెడ్డు, ట్రాక్టరు. షెడ్డు గోడ మీద 'ప్లాస్టిక్', 'గాజు', 'ఇనుము' అని అరలకు పేర్లు పెయింటింగ్ జేసిన్రు, ఆ అరలల్ల ఏనాడూ ఏం బడలే, మొన్న చూస్తే మేకలు పండుకున్నయ్. 2024 ఫిబ్రవరి మొదట్ల సర్పంచుల పదవీకాలం అయిపాయె, 2025 డిసెంబరు దాంక ఎన్నికలు కాకపాయె, కేంద్రం పైసలు ఆగిపాయె. ట్రాక్టర్ల డీజిల్‌కు పంచాయతీ కార్యదర్శులు జేబుల కెళ్ళి పెట్టుకున్నరు. షెడ్డు నష్టంల నడిచిందనెటందుకు అది నడిస్తే గద!

బెజవాడ ఫ్లాట్:
మీ పల్లెటూళ్ళు నయం. మా దగ్గర 2021 అక్టోబరు 2న ఇంటింటి చెత్త ఎత్తే క్లాప్ బండ్లు దిగాయి, వెనకాలే చెత్త పన్ను దిగింది. 2024లో అదే అక్టోబరు 2న రద్దు అన్నారు. ఈ మూడేళ్ళలో మేం కట్టింది ఎవరు తిరిగిస్తారు? పన్ను కట్టలేదని మా అపార్టుమెంటు గేటు ముందు చెత్త కుప్ప పోసిపోయారు. అప్పటి నుంచీ ఈ చెత్త పథకాలంటేనే నాకు ఒళ్ళుమంట.

రేకుల షెడ్డు:
షెడ్లు కట్టినవాణ్ణి నేను. 2019లో ప్రభుత్వం మారాక ఉపాధి బిల్లులు ఆపేశారు, చాలామంది కోర్టుకెళ్ళారు, నేను వడ్డీకి తెచ్చిన డబ్బు వడ్డీకే సరిపోయింది. ఇప్పుడు దాన్ని ఎత్తేస్తాం అంటే నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. ఇంతకీ ఎత్తేసిన రేకులు ఎవరికి పోతాయి?

డెల్టా రైతు:
మీ బిల్లు రాకపోవడం అన్యాయమే. అది షెడ్డు నడపడానికి కారణం ఎలా అవుతుందండీ?

గడపముగ్గు:
సరే, ఎరువు లెక్క పక్కన పెట్టండి. నేను మా ఊరి షెడ్డు వెనకే ఉంటాను, బండిలో ఏమొస్తుందో రోజూ చూస్తాను. తడి చెత్త అసలు రాదు. అన్నం గంజి, కూరగాయల తొక్కలు గేదె కుడితిలోకి పోతాయి, మిగిలింది కోళ్ళు తింటాయి. పల్లెటూళ్ళో తడి చెత్తతో ఎరువు ఫ్యాక్టరీ అనుకున్నవాడు పల్లె చూడలేదు. వచ్చేది డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, గుట్కా పొట్లాలు, షాంపూ ప్యాకెట్లు, చిప్స్ కవర్లు. బీరు సీసాలు, అట్టపెట్టెలు పాత సామాన్లవాడు తీసుకుంటాడు. లోపల వెండి రంగు పూత ఉన్న ఆ చిన్న ప్యాకెట్లు వాడు కూడా ముట్టుకోడు. ఆ ప్యాకెట్లు తయారుచేసే కంపెనీలే వాటిని తిరిగి సేకరించే బాధ్యత తీసుకోవాలని 2016 ప్లాస్టిక్ నిబంధనల్లో ఉంది, 2022లో ఇంకా గట్టిగా రాశారు. ఏ కంపెనీ బండి మీ ఊరొచ్చింది? ఆ పని చేస్తున్నది మా ఊళ్ళో మా పిన్ని, ఇంకో ఇద్దరు, చేతికి గ్లోవ్స్ కూడా లేకుండా.

డెల్టా రైతు:
నేనన్నదే మీరూ అంటున్నారు. ఎరువు రాదు, వచ్చేదాన్ని ఎవరూ కొనరు. మరి ఎందుకు ఉంచాలి?

గడపముగ్గు:
మూసేస్తే ఆ డైపర్లు ఎక్కడ వేస్తారు?

డెల్టా రైతు:
మునుపు ఎక్కడ వేసేవాళ్ళమో అక్కడ. షెడ్డు లేనప్పుడు ఊరు బతకలేదా?

గడపముగ్గు:
మునుపు ఎక్కడ? నోరు తెరిచి చెప్పండి. కాలవ గట్టు మీద, కాలనీ వైపు. ఊళ్ళోవాళ్ళు సంచులు కట్టి తెచ్చి మా ఇళ్ళ పక్కన విసిరేసి పోయేవాళ్ళు, ఆ కాలవ నీళ్ళతోనే మా వాళ్ళు బట్టలు ఉతుక్కునేవాళ్ళు. మీ ఊరు కాదు, మా ఊరు, అయినా మీ ఊళ్ళో వేరేగా ఉండి ఉంటుందని నేననుకోను. మీకు 'ఊరు' అంటే ఎవరో కాస్త చెప్పండి. 18 వేలు, 18 క్వింటాళ్ళు అని గంట నుంచీ లెక్కలు చెప్తున్నారు, కాలవ గట్టు ఖర్చు ఏ కాలమ్‌లో రాశారు?

చివరి బెంచి:
ఓయమ్మో.

డెల్టా రైతు:
నన్ను ఆ మాట అనకండి. మీకు తెలియని సంగతి ఇంకొకటుంది. ఆ షెడ్డు ఉన్నది నా చేను గట్టు పక్కన. పెట్టేటప్పుడు నన్నెవరూ అడగలేదు. ఎవరూ కొనని ప్లాస్టిక్ అంతా సాయంత్రం తగలబెడతారు, పొగంతా నా ఇంట్లోకి వస్తుంది, మా అమ్మకి ఉబ్బసం. గాలొస్తే కవర్లన్నీ వరిలో పడతాయి, ఊడ్పుల రోజున కూలీలు వచ్చి మొదట చేసే పని కవర్లు ఏరడం. ఫిర్యాదు పెట్టాను, 'పర్యావరణ కేంద్రం మీద ఫిర్యాదేంటయ్యా' అని నవ్వారు. మీ గట్టు మీద వద్దు, నా గట్టు మీద మాత్రం పర్లేదా?

గడపముగ్గు:
ఇది మొదటి పోస్టులో రాసి ఉంటే నేను ఇన్ని మాటలు అనేదాన్నే కాదు. మీ గొడవ నష్టం గురించి కాదు, మంట గురించి. తగలబెట్టడం తప్పే. మా పిన్ని వాళ్ళూ తగలబెట్టారు, తీసుకెళ్ళే బండి రానప్పుడు ఇంకేం చేస్తారు? సిమెంటు ఫ్యాక్టరీలు బట్టీల్లో వాడుకోవడానికి తీసుకుంటాయి, కానీ అక్కడిదాకా మోసేది ఎవరు? ఒక్క పంచాయతీ వల్ల కాదు, మండలానికొక లారీ కావాలి.

నల్గొండోడు:
లారీ అంటున్నరు, మళ్ళ డీజిల్ ఎవరు పోస్తరు అక్కా?

డెల్టా రైతు:
ఎరువు తొట్లు తీసెయ్యండి, అవి దండగ, ఆ మాట మీద మాత్రం నేను మారను. తగలబెట్టడం ఆపి, చుట్టూ జాలీ కట్టి, నెలకోసారి సరుకు ఎత్తేస్తే ఉంచినా నాకు అభ్యంతరం లేదు. అవి చెయ్యకపోతే తీర్మానం మీద సంతకం పెడతా.

గడపముగ్గు:
మీ షెడ్డులో పనిచేసే ముగ్గురికి జీతం బాకీ ఉందా?

డెల్టా రైతు:
ఉంది. సంక్రాంతి నుంచీ రాలేదంటున్నారు.

గడపముగ్గు:
ఆ బాకీ సంగతి తీర్మానంలో రాశారా?

డెల్టా రైతు:
లేదు. కల్లం కొలతలు రాశారు.