బొగ్గు గనుల దగ్గరికి వాలంటీర్ ట్రిప్: ఏం తెలుసుకుని వెళ్ళాలి?

ప్రశ్న:
మా కాలేజీ నుంచి బొగ్గు గనుల ప్రాంతానికి వాలంటీర్లుగా వెళ్తున్నాం. వాగు నీళ్ళు పరీక్షించడం, మొక్కలు నాటడం మా పని. నేను కామర్స్ స్టూడెంట్‌ని, అదే టెన్షన్. ఊరికే చూసొచ్చినట్టు కాకుండా అక్కడివాళ్ళకి పనికొచ్చేలా ఉండాలని నా తపన. సలహా చెప్పండి.

జవాబు 1:
నీళ్ళతో మొదలుపెట్టండి. బొగ్గు పొరల్లో పైరైట్ ఉంటుంది, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. తవ్వకం వల్ల దానికి గాలీ నీరూ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది. వాగులో రాళ్ళకి నారింజ రంగు పట్టిందంటే నీళ్ళలోని ఇనుము పేరుకుందని అర్థం. తేటగా ఉన్న నీళ్ళని చూసి మాత్రం మోసపోకండి. ఆమ్లం బాగా ఎక్కువైతే ఇనుము కరిగే ఉంటుంది, రంగు తెలీదు, చేపలు మాత్రం బతకవు. పీహెచ్ మీటర్‌ని (నీళ్ళలో ఆమ్లం ఏ స్థాయిలో ఉందో చూపే పరికరం) వాడే ముందు బఫర్ ద్రావణంతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంతో, సరిచూసుకోండి. గని మూసేశాక కూడా ఈ ఆమ్లం దశాబ్దాల పాటు కారుతూనే ఉండొచ్చు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

జవాబు 2:
భారీ యంత్రాలు తిరిగిన నేల గట్టిపడిపోతుంది, వేళ్ళు దిగవు. నాటే ముందు నేలని వదులు చేశారా, తీసిన పైమట్టిని విడిగా దాచారా అని అడగండి. మీరొచ్చేశాక నీళ్ళు ఎవరు పోస్తారో కూడా.

జవాబు 3:
దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్ళూ, ఆ గని జీతంతోనే పిల్లల్ని చదివించినవాళ్ళూ ఒకే ఇంట్లో ఉంటారు. "గని మూసేయాలా?" అని మొదటి ప్రశ్నే వేయకండి. ముందు వాళ్ళని మాట్లాడనివ్వండి. పరీక్షల ఫలితాలు మీ రిపోర్టు కన్నా ముందు ఊరివాళ్ళకి, వాళ్ళ భాషలో చేరాలి.