దూబగుంట తర్వాత మనకు మిగిలింది సంఘమా, లోన్ ఖాతానా?

పొరుగూరివాడు
ఇంట్లో అమ్మకీ నాకూ వాదన అయింది. తేలకపోయేసరికి ఇక్కడికి తెచ్చాను.

1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా కొట్ల వేలంపాటలు జరగనివ్వలేదు. దూబగుంటలో రాజుకున్న నిప్పు జిల్లా అంతా పాకింది. పాట పెడితే వాయిదా, మళ్లీ పెడితే మళ్లీ వాయిదా. చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దీని వెనక ఏ పార్టీ లేదు. అంతా కూలికెళ్లే ఆడవాళ్లే. ఆ వెంటనే అదే జిల్లాలో ‘పొదుపు లక్ష్మి’ అని రోజుకో రూపాయి దాచుకునే సంఘాలు మొదలయ్యాయి. తర్వాత అవి డ్వాక్రాలో కలిసిపోయాయి.

నేననేది ఏంటంటే, లాఠీ అక్కర్లేకుండానే సర్కారు ఆ ఉద్యమాన్ని చల్లార్చింది. సారా కొట్టు ముందు చీపురు పట్టుకుని నిలబడ్డావిడ చేతిలో పొదుపు పుస్తకం పెట్టి బ్యాంకు క్యూలో నిలబెట్టింది. దానికి అమ్మ, “నీ కాలేజీ ఫీజు కట్టింది ఆ పుస్తకమేరా, నోరు మూసుకో” అంది. మీరేమంటారు?

లెక్కల మాస్టారు
అమ్మగారిదే రైటు.

సంపూర్ణ మద్యనిషేధం 1995 జనవరిలో వచ్చింది, 1997లో ఎత్తేశారు. అంత పెద్ద పోరాటం తెచ్చిన చట్టానికి రెండేళ్ల చిల్లర ఆయుష్షు. పొదుపు సంఘాలకు ముప్పై ఏళ్లు దాటాయి. ఐదు రూపాయల వడ్డీకి పొలం కాగితాలు తాకట్టు పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. అదే ఇళ్లకు 2004 తర్వాత పావలా వడ్డీకి, అంటే ఏడాదికి నూటికి 3 రూపాయలకే, సంఘం లోన్ దొరికింది. వడ్డీ వ్యాపారి అరుగు మీంచి లేవడం కూడా ఉద్యమమే, కాకపోతే దానికి ఫొటోలుండవు. అయినా రోజూ రోడ్డెక్కడం కూలి జనం వల్ల అయ్యే పనా? రోజు పోతే పూట గడవదు. సంఘాలు లేకపోయినా ఆ వేడి చల్లారేదే.

పొరుగూరివాడు
మరి 1997లో నిషేధం ఎత్తేసేనాటికి సంఘాలు ఉన్నాయి కదా మాస్టారూ? 1992 నాటి హోరు ఎందుకు లేదు? అన్ని వేల సంఘాలు వారం వారం కూర్చుని ఏం మాట్లాడుకున్నట్టు?

రాత్రిబడి
మీ ఇద్దరి మాటా సగం సగం. “వెనక ఎవరూ లేరు” అనడం వినసొంపుగా ఉంటుంది, నిజం కాదు. అప్పట్లో నేను ఆ జిల్లాలో అక్షరాస్యత వాలంటీరుని. ఆ కార్యక్రమం సర్కారుది, డబ్బు సర్కారుది. జన విజ్ఞాన వేదిక వాళ్లున్నారు, వామపక్ష మహిళా సంఘాలున్నాయి. తర్వాత ఈనాడు లాంటి పత్రికలు రోజూ రాశాయి. తమాషా ఏంటంటే, ‘వారుణి వాహిని’ అని ప్యాకెట్లలో ఊరూరికీ సారా పంపిందీ సర్కారే. ఒక చేత్తో పలక ఇచ్చింది, ఇంకో చేత్తో ప్యాకెట్ ఇచ్చింది. రెండూ ఒకే వీధిలో ఎదురుపడ్డాయి.

నాకు బాగా గుర్తున్న రాత్రి ఒకటుంది. లాంతరు, రెండు చాపలు, పదిహేను మంది ఆడవాళ్లు. పలక మీద ‘కూలి’ అని రాసి చదవమన్నాను. ఒకావిడ కూడబలుక్కుని చదివి, పలక కింద పెట్టేసి, “చదివానయ్యా. అది మా ఇంటిదాకా రాదుగా, దోవలో కొట్టు దగ్గరే దిగిపోతుంది” అంది. అందరూ నవ్వారు, కాసేపటికి ఒకావిడ ఏడ్చింది. ఆ రాత్రి పాఠం ముందుకు సాగలేదు. పదకొండు దాకా మాటలే.

దూబగుంట ఆడవాళ్ల కథ తర్వాతి వాచకంలో పాఠమైంది. దాన్ని చదివిన మిగతా ఊళ్ల వాళ్లు “మన ఊళ్లో ఎందుకు కాదు?” అన్నారు. దూబగుంటలో ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మ గారి పేరు ఊరూరా వినిపించింది. కాబట్టి సర్కారు డబ్బు తాకితేనే ఉద్యమం చచ్చిపోతుందంటే నేనొప్పుకోను. ఆ డబ్బుతోనే పుట్టింది. తేడా ఎక్కడంటే, ఆ చాప మీద ఏం మాట్లాడాలో పైనుంచి ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు లెండి, వినేంత తీరిక మాకు లేదు.

వీవోఏ అక్క
గ్రామైక్య సంఘంలో పుస్తకాలు రాసే మనిషిని, పద్నాలుగేళ్లుగా. చదివి ఊరుకుందామనుకున్నాను గానీ “ఏం మాట్లాడుకున్నట్టు” అన్న తమ్ముడికి చెప్పాలనిపించింది.

మా సంఘాలకు పంచసూత్రాలున్నాయి: క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, లోపల అప్పులివ్వడం, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. ఐదూ మంచివే. కానీ మీటింగ్ అయితే మొదటిదొక్కటే, మిగతా నాలుగూ లెక్కలే.

రెండేళ్ల కిందట మా ఊరి చెరువు పక్కన ఒకింట్లో బెల్టు షాపు పెట్టారు. ఆ వారం పదకొండు మందిలో తొమ్మిది మంది దాని గురించే. ఒకామె కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, వాడు కూడా అక్కడే కూర్చుంటున్నాడని ఆమె టెన్షన్. మినిట్స్ బుక్‌లో రాద్దామని పెన్ను తీశాను. పైనుంచి వచ్చినాయన “అది ఎజెండాలో లేదమ్మా. లింకేజీ తీర్మానం, అదే బ్యాంకు లోన్‌ది, రాసి సంతకాలు పెట్టించు, ఫైలు ఆగిపోతుంది” అన్నాడు. రాశాను. సంతకాలు పెట్టించాను. బెల్టు షాపు ఊసు ఆ పేజీలో లేదు.

సభలకు జనాన్ని తోలుకుపోవడం సంగతి మీకందరికీ తెలిసిందే. బస్సెక్కకపోతే లోన్ రాదని పుకారొస్తే చాలు, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ కూడా ఎక్కేస్తుంది.

అలాగని సంఘం దండగ అంటే మాత్రం నాకు కోపమొస్తుంది. ఒక రాత్రి మా సభ్యురాలిని మొగుడు చావగొడుతుంటే పది మందిమి వెళ్లి ఆ గుమ్మం ముందు కూర్చున్నాం. తెల్లారేదాకా లేవలేదు. వారం వారం పొదుపు పేరుతో ఒకచోట కూర్చోబట్టే ఒకరి పిలుపుకి ఇంకొకరం లేచాం. ఆ పని పంచసూత్రాల్లో లేదు, మాకు ఎవరూ నేర్పలేదు.

కందిచేను
అక్కా, మీ గుమ్మం మాట చదివాక 2010 గుర్తొచ్చింది. మైక్రోఫైనాన్స్ కంపెనీల వాళ్లు ఊళ్ల మీద పడి, ఆత్మహత్యలు జరిగి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా పోయిన రోజులు. అప్పుడు కూడా వాయిదా కట్టలేనామె గుమ్మం ముందు కూర్చున్నది ఇరుగుపొరుగు ఆడవాళ్లే. అదే గుమ్మం, వాళ్లే ఆడవాళ్లు. ఒకరి అప్పుకి అందరూ పూచీ పడే గుంపు పూచీ అనేది రెండు వైపులా కోసే కత్తి.

మాస్టారి లెక్కలో నాకు నచ్చనిది ఇది: అప్పు ఇప్పించడానికి కట్టిన సంఘం అప్పు వసూలుకే పనికొస్తుంది. వేరే దారి లేదా అంటే ఉంది. జహీరాబాద్ దిక్కు దళిత మహిళల సంఘాలను చూడండి. 1983లో మొదలైన డీడీఎస్ (దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) అనే స్వచ్ఛంద సంస్థ అండ ఉంది, బయటి నిధులూ వచ్చాయి. కానీ ఏ విత్తనం దాచాలి, ఏ జొన్న వేయాలి అన్నది ఆ ఆడవాళ్ల మాటే. 2008లో మాచునూరులో వాళ్ల సొంత సంఘం రేడియో కూడా మొదలైంది. ఇంకొంచెం దూరం పోతే అహ్మదాబాద్. 1972లో ఇలా భట్, సొంతంగా పని చేసుకుని బతికే ఆడవాళ్ల ‘సేవ’ను కార్మిక సంఘంగా రిజిస్టర్ చేయబోతే, “మీకు యజమాని లేడు కదా, యూనియన్ ఎట్లా?” అని అధికారులు అడ్డుపడ్డారు. కొట్లాడి రిజిస్టర్ చేయించారు. బ్యాంకు పెట్టింది 1974లో. అంటే ముందు యూనియన్, ఆ వెనక బ్యాంకు. మన దగ్గర బ్యాంకు లింకేజీతో మొదలుపెట్టాం, యూనియన్ దాకా పోనేలేదు.

లెక్కల మాస్టారు
కందిచేను గారూ, జహీరాబాద్ సంఘాలు బాగున్నాయి, కాదనను. అవి ఎన్ని ఊళ్లలో ఉన్నాయి? డ్వాక్రా లేని ఊరు చూపించండి. పేదరికం ఊరూరా ఉన్నప్పుడు మందు కూడా ఊరూరా ఉండాలి కదా. ఆ మేరకు సర్కారు చెయ్యి పడక తప్పదు.

మినిట్స్ బుక్ సంగతి మాత్రం నాకు తెలియదు. అక్కడ నా వాదన కాస్త కుంటుపడిందని ఒప్పుకుంటున్నా.

పొరుగూరివాడు
కుంటుపడింది మీది ఒక్కటే కాదు. రాత్రిబడి గారు చెప్పాక “వెనక ఎవరూ లేరు” అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ మాస్టారూ, ఊరూరా ఉండడం వల్లే కదా అందరి కన్నూ దాని మీద పడింది? 2014లో రుణమాఫీ హామీ, 2019 ఎన్నికల ముందు పసుపు–కుంకుమ పేరుతో డబ్బు, ఆ తర్వాత ఆసరా పేరుతో. మాఫీ అవుతుందని వాయిదాలు ఆపేసిన మా పిన్ని వాళ్ల సంఘానికి వడ్డీ తడిసి మోపెడైంది. ఇచ్చినప్పుడు అక్కచెల్లెమ్మలు, అడిగినప్పుడు ఎజెండాలో లేరు. అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. ఫీజు విషయంలో తను అంగుళం జరగలేదు గానీ, “ఆ బెల్టు షాపు ఏమైందో అడుగు” అంది. ఏమైందక్కా?

వీవోఏ అక్క
అమ్మకి చెప్పు తమ్ముడూ. ఆ తర్వాతి వారం వాళ్లే పట్టుబట్టి మినిట్స్ బుక్ చివరి పేజీలో, అట్టకి ఆనుకుని ఉండేదాంట్లో, రాయించారు. తొమ్మిది సంతకాలు, రెండు వేలిముద్రలు. జిరాక్స్ తీయించి నలుగురం ఎక్సైజ్ వాళ్ల దగ్గరికి వెళ్లాం. కాగితం తీసుకున్నారు, రసీదు ఇవ్వలేదు. నెల రోజులు మూతపడింది. తర్వాత ఊరి రెండో చివర ఇంకో ఇంట్లో తెరిచారు.

ఈసారి ముందు పేజీలోనే రాయమన్నారు. మొన్న శనివారం రాశాను, లింకేజీ తీర్మానానికి పైన. పైనాయన పుస్తకం ఇంకా చూడలేదు.