‘ట్రీటీ ఓక్’ను తెలుగులో ఏమనాలి?

సభ్యులకు నమస్కారం. టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో, బేలర్ వీధిలో ఉన్న ‘ట్రీటీ ఓక్’ గురించి అక్కడి తెలుగు పిల్లలు చదువుకునేలా ఒక చిన్న వ్యాసం రాస్తూ, దాని పేరు దగ్గరే ఆగిపోయాను. సుమారు 500 ఏళ్ల వయసుందని అంచనా వేసే ఆ చెట్టుకు తగిన తెలుగు పేరు ఉండాలని నా కోరిక.

‘ఓక్’కు నిఘంటువులు ఇచ్చే అర్థం ‘సింధూర వృక్షము’. అబ్రాహాము కథలో మమ్రే దగ్గరి సింధూరవనాన్ని తెలుగు బైబిలులో చదివినవారికి ఆ మాట సుపరిచితమే. తక్కినవారికి సింధూరం అనగానే నుదుటి బొట్టో, ఆంజనేయస్వామి విగ్రహానికి పూసే పొడో మనసులో మెదులుతుంది గాని చెట్టు మెదలదు. మన తెలుగు నేలమీద సహజంగా పెరగని చెట్టు కాబట్టి ‘ఓక్’ అనే పేరును అలాగే ఉంచడం మేలని నా అభిప్రాయం.

అది ‘లైవ్ ఓక్’ రకానికి చెందినది. చలికాలంలోనూ ఆకుపచ్చగా ఉంటుంది గనుక దానికి ఆ పేరు వచ్చింది. దీన్ని ‘సజీవ ఓక్’ అని రాస్తే పెద్ద పొరపాటే జరుగుతుంది. ఎందుకంటే 1989లో ఒక వ్యక్తి దాని మొదలు చుట్టూ విపరీతంగా కలుపుమందు పోయగా, నిపుణులు ఎంతో శ్రమించినా సుమారు మూడింట ఒక వంతు మాత్రమే దక్కింది, 1997లో అది మళ్లీ కాయలు కాసింది. ఈ కథ తెలిసిన పాఠకుడు, విషం తాగి బతికినందుకే ‘సజీవ’ అన్నారని అనుకుంటాడు. అందుకని ‘నిత్యహరిత ఓక్’ అనడమే సరైనది.

ఇక ‘ట్రీటీ’. టెక్సాస్‌కు అమెరికన్ వలసదారులను తెచ్చి స్థిరపరచిన నాయకుడు స్టీఫెన్ ఆస్టిన్ ఆ చెట్టు కింద స్థానిక తెగలతో సరిహద్దు ఒప్పందం చేసుకున్నాడన్నది జనశ్రుతే తప్ప, దానికి చారిత్రక ఆధారం లేదు. ‘సంధి’ అంటే యుద్ధం ముగిసిందన్న స్ఫురణ వస్తుంది, పైగా పిల్లలకు ముందుగా గుర్తొచ్చేది వ్యాకరణం. ఇరుపక్షాలూ సమ్మతించడమనే భావం ‘ఒడంబడు’ క్రియలోనే ఉంది కాబట్టి ‘ఒడంబడిక’ను ఎంచుకున్నాను. ఒకప్పుడు అక్కడ ‘కౌన్సిల్ ఓక్స్’ అనే 14 చెట్ల గుంపు ఉండేదనీ, కొమాంచీ, టోంకవా తెగలవారు వాటి కింద సమావేశమయ్యేవారనీ చెబుతారు. వాటిలో నేటికి మిగిలింది ఇదొక్కటే. ‘కౌన్సిల్ ఓక్స్’ అన్న మాటకు మన ‘రచ్చచెట్లు’ ఎంత చక్కగా అమరుతుందో చూడండి! ‘రచ్చ’ అంటే గొడవ అనే అర్థమే నేటి పిల్లలకు తెలుసు గనుక, ఊరివారు కూడి మాట్లాడుకునే చోటు అన్న పాత అర్థాన్ని వ్యాసంలోనే వివరిస్తాను.

చివరిది ‘వృక్షం’. అనంతపురం సీమలోని తిమ్మమ్మ మర్రిమానును ఎవరూ వృక్షం అనరు. తరాలు చూసిన చెట్టుకు ‘మాను’ అన్న మాటలో ఉన్న బరువు మరో మాటలో లేదు. కాబట్టి ‘ఒడంబడిక ఓక్ మాను’ అని రాయదలచుకున్నాను. అయితే ‘మర్రిమాను’ పద్ధతిలో దీన్ని అజంతం (అచ్చుతో ముగిసే పదం) చేసి ‘ఓకుమాను’ అని కలిపి రాయవచ్చునా? వ్యాకరణం తెలిసిన పెద్దలు దయచేసి చెప్పగలరు.