హీమ్ పట్టుకుంది, రంగూ వచ్చింది.. ఇక ఎలక్ట్రాన్ దూకినట్టేనా?

అర్ధరాత్రి_పిపెట్:
నాలుగు హెలిక్సుల (స్ప్రింగులా చుట్టుకున్న ప్రోటీన్ ముక్కల) బండిల్ ఒకటి సొంతంగా డిజైన్ చేశాను, ఏ జీవిలోనూ లేని అమైనో ఆమ్లాల వరుస. ఈ.కోలి బ్యాక్టీరియాలో బాగానే తయారైంది. హీమ్‌ని (మధ్యలో ఇనుమున్న, రక్తానికి ఎరుపునిచ్చే అణువు) డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి కొంచెం కొంచెంగా కలిపితే, అది పీల్చుకునే కాంతిలో 412 నానోమీటర్ల దగ్గర పదునైన పీక్ వచ్చింది, ఎలక్ట్రాన్లిచ్చే డైతయోనైట్ వేయగానే 560 దగ్గర ఇంకోటి లేచింది. ఎర్రగా మెరుస్తుంటే ల్యాబ్ అంతా తిప్పి చూపించాను. మా గైడ్ మాత్రం "సరే, ఎలక్ట్రాన్ ఎక్కణ్నుంచి ఎక్కడికెళ్లింది?" అని గాలి తీసేశారు. దీన్ని ఎలక్ట్రాన్ ట్రాన్స్‌ఫర్ ప్రోటీన్ (ఎలక్ట్రాన్‌ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి అందించేది) అని రాసుకోవచ్చా?

పాత_బెంచీ:
గైడ్ అడిగింది సరైన ప్రశ్నే. రెండు హిస్టిడిన్లు (ఒక రకం అమైనో ఆమ్లం) హీమ్‌ని చెరోవైపు పట్టుకున్నాయని మీ పీకులు చెబుతున్నాయి, ఇనుము ఎలక్ట్రాన్‌ని తీసుకోగలదని డైతయోనైట్ చెప్పింది, అంతకుమించి ఏమీ లేదు. పట్టుకోవడం తేలికైన భాగం. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లెస్ డటన్ బృందం 1994లోనే ఇలాంటి బండిల్‌లో నాలుగు హీమ్‌లు కూర్చోబెట్టింది, ఇలా మొదటి నుంచి కట్టిన నమూనా ప్రోటీన్లనే మాకెట్లు అంటారు. అసలు పని దూరంతో. ఆయన లెక్క ప్రకారం ప్రకృతిలో పనికొచ్చే దూకుడు సుమారు 14 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒకటి నానోమీటర్‌లో పదో వంతు) లోపే, ప్రతి 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లకీ వేగం పదో వంతుకి పడిపోతుంది, మధ్యలో ఏ అమైనో ఆమ్లం ఉందన్నది పెద్దగా పట్టింపు లేదు. మోడల్‌లో ఒక హీమ్ అంచు నుంచి ఇంకో హీమ్ అంచుకి కొలవండి, ఇనుము నుంచి ఇనుముకి కాదు (ఈ తప్పు చేసి నేను ఆరు నెలలు పోగొట్టుకున్నా).

రాగితీగ:
"మధ్యలో ఏముందో పట్టింపు లేదు" అన్న దగ్గర నాకు పేచీ ఉంది. కాల్‌టెక్‌లో హ్యారీ గ్రే వాళ్లు అజురిన్‌కి (రాగి ఉండే బ్యాక్టీరియా ప్రోటీన్) రుథేనియం లోహం తగిలించి కొలిచిన వేగాలు చూస్తే బంధాల దారి కూడా లెక్కలోకొస్తుంది. ఇంకోటి, అన్నీ మొదటి నుంచి కట్టాలని పట్టుదల ఎందుకు? యీ లూ బృందం అదే అజురిన్‌లో రాగి చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలు మార్చి, రాగి బదులు నికెల్ కూడా పెట్టి, పొటెన్షియల్‌ని (ఎలక్ట్రాన్‌ని ఎంత బలంగా లాగుతుందన్న కొలత) మొత్తం దాదాపు 2 వోల్టుల పరిధిలో జరిపింది. ఉన్న ఇంటికి రిపేర్లు చేసుకోవడమే నయం.

పాత_బెంచీ:
రిపేర్లు చేస్తే ఇల్లు నిలబడుతుంది, ఏ గోడ ఎందుకుందో మాత్రం తెలీదు. అది తెలుసుకోవడానికే కదా మాకెట్లు.

అర్ధరాత్రి_పిపెట్:
కొలుద్దామని మోడల్ తెరిచాక వెలిగింది.. నా బండిల్‌లో హీమ్ ఒక్కటే! ఎక్కడికని దూకుతుంది పాపం.

సోరే_పీక్:
ఒక్కటైనా పర్లేదు, బయట నుంచి జోడీ ఇవ్వండి. మీదాన్ని డైతయోనైట్‌తో రెడ్యూస్ చేసి (అంటే ఎలక్ట్రాన్ ఎక్కించి), మిగులు డైతయోనైట్‌ని చిన్న అణువుల్ని వేరుచేసే డీసాల్టింగ్ కాలమ్‌లో తీసేసి, స్టాప్డ్ ఫ్లోలో (రెండు ద్రవాల్ని చటుక్కున కలిపి వెంటనే కొలిచే యంత్రం) గుర్రం గుండె నుంచి తీసిన సైటోక్రోమ్ సీ అనే హీమ్ ప్రోటీన్‌తో కలపండి. దాని పొటెన్షియల్ దాదాపు 250 మిల్లీవోల్టులు ప్లస్, ఇలాంటి బండిల్స్‌వి మామూలుగా మైనస్‌లో ఉంటాయి కాబట్టి ఎలక్ట్రాన్ అటే పోవాలి. 550 దగ్గర సైటోక్రోమ్ సీ పీక్ ఎంత వేగంగా లేస్తుందో అదే మీ గైడ్‌కి జవాబు. కానీ ముందు రెడాక్స్ టైట్రేషన్ (వోల్టేజీ కొద్దికొద్దిగా మారుస్తూ కొలవడం) చేసి మీ పొటెన్షియల్ ఎంతో తేల్చుకోండి. కాలమ్ దగ్గర్నుంచీ అంతా గ్లవ్ బాక్స్‌లోనే (ఆక్సిజన్ లేని మూసిన పెట్టె). బండిల్ వదులుగా ఉంటే గాలి తగిలిన క్షణంలో ఆక్సిజనే ఎలక్ట్రాన్‌ని ఎగరేసుకుపోతుంది.

అర్ధరాత్రి_పిపెట్:
అదీ సంగతి! నిన్న క్యువెట్ మూత తీసి చూపిస్తుండగానే రంగు వెనక్కి పోయింది, బఫర్ పాడైందనుకున్నా. గ్లవ్ బాక్స్ గురువారం ఖాళీ, అప్పుడు చెబుతా.