చర్చ: తెలుగు గళ్ళ నుడికట్టులో ఒడియా ‘పాణి’ చెల్లుతుందా?

రైలుకట్ట (బరంపురం)

ఉగాదికి మా చుట్టాల కోసం ఒక గళ్ళ నుడికట్టు కట్టాను. అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది. అంశం మన చుట్టుపక్కల ఊళ్ళూ ఏళ్ళూ (పారే ఏళ్ళు, వయసులు కాదు). తప్పు లేకుండా అందరికంటే ముందు నింపినవాళ్ళకి అప్పడాల కట్ట బహుమతి. ఇప్పుడు ఆ కట్ట మా అల్మారాలోనే ఉంది, విశాఖలో ఉన్న మా బావ మాత్రం నాలుగు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు.

గొడవ ఒక్క ఆధారం మీద. దానికి ముందు, నేను ఎలా కట్టానో తెలియాలి కాబట్టి కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

గంజి సగమే తాగి రొట్టె మీది జాం నాకితే జిల్లా (2). జవాబు గంజాం. (చివర అంకె జవాబుకి ఎన్ని గడులో చెప్తుంది.)

రాజుగారి కర్ర పట్టుకుని మజ్జిగౌరమ్మ దర్శనానికి (4). రాజు రాయ, కర్ర గడ, రాయగడ.

వెదురులోంచి కారింది, గుణుపురం పక్కనుంచి పారింది (4). వెదురుకి సంస్కృతంలో వంశం, అందుకని వంశధార.

మునిగారి కాలువలోకి తాబేళ్ళొస్తాయి (4). కుల్య అంటే కాలువ, కనుక రుషికుల్య. (‘ఋ’తో రాసినవాళ్ళకీ మార్కులిచ్చాను, దాని మీద దయచేసి ఇక్కడ మొదలెట్టకండి.)

నాకు బాగా నచ్చింది ఇది: మొదలు చిరిగిన అంబరం పురంలో పడితే పట్టు దొరుకుతుంది (4). అంబరంలో ‘అం’ పోతే బరం, దానికి పురం. అంబరం అంటే ఆకాశమే కాదు, బట్ట కూడా కదా. పట్టుచీరల ఊరికి ఇంతకంటే ఏం కావాలి!

ఇక తగాదా. మూలన రెండు గడులు మిగిలాయి. అక్కడికి ఊరు కుదరక ఇలా రాశాను: ఒడియావాళ్ళ నీళ్ళు మనకి చెయ్యి (2). జవాబు పాణి. ఒడియాలో నీళ్ళు, మన చక్రపాణిలో చెయ్యి. బావ అన్నీ నింపి ఇక్కడ ‘కరం’ అని రాసి పంపాడు. ఒడియా మీడియంలో పదో తరగతి చదివే మా పిన్ని కూతురు మర్నాడు పంపింది, అన్నీ సరిగ్గా. కట్ట దానిదన్నాను. బావ అన్యాయం అంటున్నాడు. మీరేమంటారు?

సముద్రం పక్క (విశాఖ)

ఆ బావని నేనే. నాలుగు రోజులు కాదు, మూడు.

అప్పడాలు నాకు కొనుక్కుంటే దొరుకుతాయి. నా మాట ఒక్కటే. తెలుగు గళ్ళు నింపడానికి తెలుగు నిఘంటువూ కాస్త బుర్రా చాలాలి. మూడోది కావాలంటే అది ఆట కాదు, రేషన్‌కార్డు చూపించమనడం. చెయ్యికి రెండు గడుల్లో కరం ఉంది, హస్తం ఉంది, పాణి ఉంది. ఏది వేసుకోవాలో తేల్చే ఒకే ఒక్క సంగతి నాకు రాని భాషలో పెట్టావు. మరి నేనెలా తేల్చుకోవాలి?

గడిగాడు

బావగారూ, ఇంగ్లీషు క్రిప్టిక్‌లో, అంటే మాటల గారడీతో కట్టే గళ్ళలో, ఇది రోజూ జరిగేదే. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొదటి పజిల్లో అర్థం చెప్తే మాట రాయడమే. మాటల గారడీ తర్వాత 1920ల్లో ఇంగ్లండువాళ్ళు పట్టుకొచ్చింది. అందులో ‘ఫ్రెంచివాళ్ళ ది (the)’ అనగానే ఫ్రెంచిలో దానికున్న లె, లా అని రాసేస్తారు. ఎవరూ అలగరు. పరాయి భాష మాటని దొంగతనంగా దూర్చితే తప్పు. ఇక్కడ ‘ఒడియావాళ్ళ’ అని చెప్పే పెట్టారుగా.

సముద్రం పక్క (విశాఖ)

లె, లా అక్కడ బళ్ళో చెప్తారు. మా విశాఖ బళ్ళో ఒడియా ఎవరు చెప్పారండీ?

రైలుకట్ట (బరంపురం)

బావా, మరి మజ్జిగౌరమ్మ ఏ బళ్ళో చెప్పారు? మీరు ఏటా రాయగడ వెళ్తారు కాబట్టి క్షణంలో రాసేశారు. గుంటూరువాళ్ళకి ఇస్తే అదీ అన్యాయమే.

సముద్రం పక్క (విశాఖ)

ఊరు తెలియడం వేరు, భాష తెలియడం వేరు. అయినా రాయ, గడ రెండూ తెలుగు నుంచే వస్తాయి, అమ్మవారు తెలియకపోయినా మాట కట్టుకోవచ్చు. ‘పాణి’లో అలా కట్టుకోవడానికి ఏముంది? ఉంటే తెలియాలి, లేకపోతే లేదు.

ప్రాణహిత గట్టు (సిరొంచ)

గడ్చిరోలి జిల్లా నుంచి నమస్కారం. మాకు మరాఠీలో కూడా నీళ్ళు పాణీయే, కానీ దీర్ఘం. కాబట్టి మా దగ్గర ఇదే ఆధారం ఇలా రాయాలి: సిరొంచ నీళ్ళకి దీర్ఘం తీస్తే చెయ్యి. హిందీ అలవాటున్నవాళ్ళు ‘పానీ’ అనుకుని ‘ణ’ దగ్గర తడబడతారు, అదింకో తమాషా.

మా ఇంట్లో పిల్లలు ఆడుకునే ఆట ఒకటి చెప్తాను. ‘మీ’ అంటే మరాఠీలో నేను. మనకి మీది. అంటే, ‘అక్కడ నేను, ఇక్కడ మీది’. గళ్ళలో ఒక్క గడి మాట పెట్టరు కాబట్టి ఆగింది గానీ, లేకపోతే మా ఊరి మొదటి ఆధారం అదే అయ్యేది. ఒడియాలో ‘నా’ అంటే కాదు అనేట కదా, మనకి నాది. అదీ కలుపుకోండి.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

ఇంత చర్చలో మా ఊరి పేరెత్తలేదు. రైలుకట్ట గారూ, మాకేదీ ఆధారం?

ఉన్న సంగతికొస్తాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా ఊళ్ళో. చుట్టూ కొండల్లో వినపడే సవర భాష నేర్చుకుని, 1931లో దాని మీద పుస్తకమే అచ్చువేయించారు. నోట్లో ఉన్న మాటకే పుస్తకంలో చోటుండాలని గ్రాంథికంవాళ్ళతో జీవితమంతా పోట్లాడారు. ఇక్కడి తెలుగువాళ్ళ నోట్లో ‘పాణి’ రోజుకి పదిసార్లు పడుతుంది. అది గళ్ళలోకి రావడానికి విశాఖ అనుమతి దేనికి?

సముద్రం పక్క (విశాఖ)

పంతులుగారు 1936లో మీ ఊరు ఒడిశాలో కలిసిందని విడిచిపెట్టి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన్నే ఒడియా మాటకి సాక్షిగా పిలుస్తున్నారా!

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

దెబ్బ బాగానే తగిలింది, ఒప్పుకుంటాను. సవర మాత్రం వదల్లేదు సుమండీ.

రైలుకట్ట (బరంపురం)

పర్లాకిమిడి గారూ, మీకు ఆధారం రాశాను: పర్లాకి మిడి తొడిగితే రాజావారి ఊరు (5). కానీ ‘ర్లా’ గడి మీదుగా నిలువుగా దిగే మాట ‘బిర్లా’ తప్ప తట్టలేదు. మన గళ్ళతో ఉన్న బాధే ఇది. ఒత్తూ దీర్ఘమూ అన్నీ కలిసి ఒక్క గడిలో కూర్చుంటాయి, దాన్ని ఇంకో మాటతో ముడెయ్యాలంటే చచ్చే చావు. శ్రీశ్రీ, ఆరుద్ర లాంటివాళ్ళు పత్రికలకి ఇలాంటివి ఎలా కట్టారో! చివరికి ఆ వరసంతా చెరిపేశాను.

కుంభం అంచు (బరంపురం)

నేను తెలుగు బళ్ళో చదవలేదు. మాట్లాడతాను గానీ చదవడం నత్తే. ఈ గళ్ళ కాగితం మా ఇంటికీ వచ్చింది. మా నాన్నమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో ఆధారం పైకి చదువుతుంటే మేము నలుగురం చెప్పాం. అంబరం అంటే బట్ట అని ఆవిడకే తెలుసు, మాకెవరికీ తెలీదు. ‘పాణి’ మాత్రం మేమే ముందు అరిచాం. ఆవిడ ఒక్క క్షణం ఆగి, “అవునే, చక్రపాణిలో ఉన్నది చెయ్యే కదా” అని నవ్వింది.

కాగితమంతా సంస్కృతం, నిఘంటువు మాటలే ఉంటే మేము విని లేచిపోయేవాళ్ళం. బావగారికి రానిది ఒక్కటే ఉంది. మాకు రానివి పదిహేను ఉన్నాయి. మేమెవరం అన్యాయం అనలేదు.

సముద్రం పక్క (విశాఖ)

అమ్మా, ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. నాన్నమ్మగారికి నమస్కారం చెప్పు.

గడిగాడు

నాకింకో అనుమానం. రెండర్థాలవి ఎప్పుడూ కాస్త గాల్లోనే ఉంటాయి, అందుకే వాటికి అడ్డొచ్చే మాట గట్టిగా ఉండాలి. రైలుకట్ట గారూ, ‘పాణి’ని నిలువు ఏది కోస్తోంది? అక్కడ ‘ణి’ దొరికితే కరం, హస్తం రెండూ వాటంతటవే కొట్టుకుపోతాయి. ఒడియా రానవసరమే లేదు.

రైలుకట్ట (బరంపురం)

‘పా’ మీద ఏదీ లేదు. ‘ణి’ మీదుగా ధరణి దిగుతుంది. ఆధారం: వెల కట్టాక రాణి సగమే మిగిలింది, నేలపాలు (3). వెల అంటే ధర, రాణిలో సగం ణి, మొత్తం నేల.

సముద్రం పక్క (విశాఖ)

ఆగు. గంజిలో సగం అంటే ‘గం’, ముందు సగం. రాణిలో సగం అంటే ‘ణి’, వెనక సగం. ఒకే కాగితంలో సగానికి రెండు న్యాయాలా? నేను గంజి లెక్కనే రాణికీ వేసి ‘ధరరా’ అని రాసుకుని, మాటే కాదని కొట్టేశాను. తర్వాత కరం పెడితే ‘ధరరం’ అయింది. రాత్రి పదకొండు దాకా ఆ ‘ధరరం’ పట్టుకుని కూర్చున్నాను. మీ అక్క లైటు ఆర్పేసింది.

గడిగాడు

ఇది మాత్రం నిజమైన తప్పు. ‘రాణి చివర’ అనో ‘తలలేని రాణి’ అనో ఉండాలి.

ప్రాణహిత గట్టు (సిరొంచ)

గడిగాడు గారి మాటే నాదీ. ఒడియా నిర్దోషి, రాణి దోషి.

రైలుకట్ట (బరంపురం)

సరే, ఒప్పుకుంటున్నాను. ‘పాణి’ మార్చను. ధరణికి కొత్త ఆధారం: వెల చెప్పాక తలలేని రాణి నేల మీద (3).

మా పిన్ని కూతురితో మాట్లాడాను. ‘ణి’ ధరణిలోంచి రాలేదట, ‘పాణి’ ముందు వేసుకుని దాన్నిబట్టి ధరణి పట్టుకుందట. అంటే దానికి నా తప్పు అడ్డే రాలేదు, బావకి వచ్చింది. అందుకని అప్పడాల కట్ట విప్పేశాం. దానికి సగం. రేపు మా పక్కింటాయన విశాఖ వెళ్తున్నాడు, మీకు సగం ఆయన చేతికిస్తాను బావా. ముందు సగమో వెనక సగమో మాత్రం అడక్కండి.

సముద్రం పక్క (విశాఖ)

విరిగినవన్నీ నా సగంలో వేశావని ఇప్పుడే తెలిసిపోయింది. ఫోన్ చెయ్యి. ఎత్తుతాను.