సమస్యాపూరణం: "దొంగ కాఁడు సొమ్ము దోచువాఁడు"

నిర్వాహకులు: ఆటవెలదిలో పూరించండి. వస్తువు ట్యూడర్ కాలపు ఇంగ్లండు, యజమాని సొమ్ముతో పారిపోయే సేవకులు.

పూరణ 1
స్వామి నమ్మి యిచ్చి చనుమన్న ధనముతో
పాఱె సేవకుండు పడవ యెక్కి
నాఁటి యాంగ్ల శాస్త్ర నయమున నాతఁడు
దొంగ కాఁడు సొమ్ము దోచువాఁడు

నిర్వాహకులు: మంచి పట్టు! దొర తన చేత్తో ఇచ్చినదాన్ని "ఎత్తుకుపోయాడు" అనవచ్చునా అన్న సందేహం అక్కడి న్యాయవేత్తలకే ఉండేది. అది తీర్చడానికే 1529లో ఎనిమిదవ హెన్రీ చట్టం వచ్చింది: అప్పగించిన సొత్తు 40 షిల్లింగులో, ఆపైనో ఉంటే ఘోరనేరమే. అందుకే "నాఁటి" అంటే చాలదు, ఏనాటిదో తేలాలి. మూడో పాదం ఇలా మారిస్తే?
హెన్రి చట్ట మింక నెఱుఁగని దినముల

పూరణ 2
పనిని నేర్వ నున్న బాలుఁడు దొరసొత్తు
రేయి మూట గట్టి రేవు చేరె
చట్టమందు వాని జాలిగ విడిచిరి
దొంగ కాఁడు సొమ్ము దోచువాఁడు

ఒక సభ్యుడు: యతులు కుదిరాయి, న్యాయం కుదరలేదండీ. ఆ చట్టం అప్రెంటిసులకూ 18 ఏళ్ల లోపువారికీ వర్తించదు, నిజమే. కానీ ఆ మినహాయింపు అప్పగించిన సొత్తుకే. రాత్రిపూట పెట్టె తెరిచి తీస్తే మామూలు దొంగతనమే, 12 పెన్నీలు దాటితే ఉరి దాకా పోయేది. దొర ఇచ్చాడన్న మాట పద్యంలోనే ఉండాలి:
పనిని నేర్వ నున్న బాలుఁడు దొర యిడ్డ
సొత్తు మూట గట్టి చొచ్చె రేవు

పూరణకర్త: సవరణ శిరోధార్యం.

పూరణ 3
ఏఁడు దాఁటి కూలి యీయని యజమాని
పఱచు వానిఁ బట్ట బంట్లఁ బంపె
శిక్ష లేదు వాని చేతికిఁ జట్టాన
దొంగ కాఁడు సొమ్ము దోచువాఁడు

నిర్వాహకులు: సమస్యను దొర మీదికే తిప్పారు, ఈ వారం నాకు నచ్చిన పూరణ ఇదే! 1563 చట్టం ప్రకారం సేవకుడు పాత యజమాని పత్రం లేకుండా మరోచోట పనికి కుదరలేడు. పత్రం చూపలేకపోతే దేశదిమ్మరిగా కొరడా దెబ్బలు తినాలి. జీతం ఎగ్గొట్టిన దొరను మాత్రం ఎవరూ దొంగగా బోనెక్కించరు. ఆ కోపం పద్యంలో ఉంది.

మరో సభ్యురాలు: "బంట్లు" ఒక్కటే నచ్చలేదు. అప్పుడక్కడ పోలీసులు లేరు. 1285 వించెస్టర్ శాసనం నాటి నుంచి, కేక పెడితే ఊరంతా వెంటబడి తరమాలి. కనుక:
పఱచు వానిఁ బట్ట పల్లె లేపె

నిర్వాహకులు: యతి నిలిచింది, చరిత్రా నిలిచింది. ఇదే ఖాయం చేద్దామమ్మా.